కొత్త కోచ్ వచ్చారు.. పండగ చేసుకోవాలా, భయపడాలా? ఇండియానా కథ నేర్పిన నాలుగు ప్రశ్నలు



మన దగ్గర ఒక పెద్ద హీరో కొత్త సినిమాకి డైరెక్టర్ పేరు అనౌన్స్ చేసిన రాత్రి ఏం జరుగుతుందో మీకు తెలుసు కదా. కథ ఏంటో తెలీదు, ఒక్క షాట్ కూడా తీయలేదు. అయినా సగం మంది "ఈసారి ఇండస్ట్రీ హిట్ పక్కా" అంటారు. మిగతా సగం "అయిపోయింది, మా వాడి కెరీర్ గంగలో కలిసింది" అంటారు. అమెరికాలో అచ్చం ఇలాంటి గొడవే ప్రతి ఏడాది నవంబర్, డిసెంబర్‌లో జరుగుతుంది. కాకపోతే అక్కడ హీరో ప్లేస్‌లో యూనివర్సిటీ, డైరెక్టర్ ప్లేస్‌లో ఫుట్‌బాల్ హెడ్ కోచ్.

నేను ఎంఎస్ చేసింది ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో. సో 2023 నవంబర్‌లో ఈ గొడవని చాలా దగ్గర నుంచి చూశాను. ఊరికే చూడటం కాదు, నేను కూడా ఒక తీర్పు ఇచ్చేశాను. ఆ తీర్పు ఎంత ఘోరంగా తప్పిందో ఈరోజు చెప్తాను. దాంతో పాటు, కొత్త కోచ్ వచ్చిన రోజు అసలు ఏం అడగాలో కూడా మాట్లాడుకుందాం.

ముందు బేసిక్స్. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. హెల్మెట్లు, ప్యాడ్లు వేసుకుని, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. కాలేజీ ఆటే కదా అని తేలిగ్గా తీసుకోకండి. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షా ఏడు వేల మందికి పైగా పడతారు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం తీసుకునే వాళ్లందరిలో ఎక్కువ జీతం గవర్నర్‌ది కాదు, ఫుట్‌బాల్ కోచ్‌ది. ప్లేయర్లు మూడు నాలుగేళ్లు ఆడి వెళ్లిపోతారు. ఉండేది కోచ్. అందుకే కోచ్ మారడం అంటే ఫ్యాన్స్‌కి ప్రభుత్వం మారినట్టే.

ఇప్పుడు ఇండియానా సంగతి. అది బాస్కెట్‌బాల్ ఊరు. ఫుట్‌బాల్‌లో మాత్రం అప్పటికి టాప్ డివిజన్ చరిత్రలోనే అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు ఓడిన టీమ్. బిగ్ టెన్ కాన్ఫరెన్స్ టైటిల్‌లో చివరిసారి వాటా దక్కింది 1967లో. కోచ్ టామ్ అలెన్ 2020లో ఎనిమిది మ్యాచ్‌ల్లో ఆరు గెలిపిస్తే ఊరంతా నెత్తిన పెట్టుకుంది. తర్వాత మూడు సీజన్లలో 36 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది 9. చివరికి 2023 నవంబర్‌లో ఆయన్ని పంపించేశారు.

ఆయన ప్లేస్‌లో వచ్చిన పేరు కర్ట్ సిగ్నెట్టి. జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి వచ్చారు. వయసు 62.

మా ల్యాబ్‌లో ఒకతను పక్కా లోకల్. వాళ్ల తాతగారికి ఎన్నో ఏళ్లుగా రెండు సీజన్ టికెట్లు ఉన్నాయి. ఆ రోజు అతను మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. "ఎవరీయన? పెద్ద కాన్ఫరెన్స్‌లో ఒక్క సీజన్ కూడా హెడ్ కోచ్‌గా చేయలేదు" అన్నాడు. నాకు అప్పటికి ఆట రూల్స్ కూడా సగమే వచ్చు. అయినా ఊరుకుంటానా? "మా ఊళ్లో అయితే ఈ వయసుకి రిటైర్మెంట్ ఫంక్షన్ చేసి శాలువా కప్పి పంపిస్తారు" అన్నాను. అందరూ నవ్వారు.

తర్వాత ఒక ప్రెస్ మీట్‌లో, కొత్త ప్లేయర్లను ఎలా ఒప్పిస్తారని అడిగితే సిగ్నెట్టి చెప్పిన జవాబు వైరల్ అయింది. "ఐ విన్. గూగుల్ మీ." నేను గెలుస్తాను, కావాలంటే వెతుక్కోండి అని. సగం మందికి అది కాన్ఫిడెన్స్, సగం మందికి బలుపు. నిజం చెప్పాలంటే చాలామంది ఆ మాట మీద కొట్టుకున్నారు గానీ, ఆయన చెప్పిన పని చేయలేదు. వెతకలేదు. మా వాడి తాతగారు మాత్రం ఫోన్‌లో ఒక్కటే అడిగారట. "ఈయన ఇప్పటిదాకా ఎక్కడైనా ఓడిపోయి వచ్చాడా?"

ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఇంకో కథ చెప్తాను.

నెబ్రాస్కా, 2017 డిసెంబర్. కొత్త కోచ్ స్కాట్ ఫ్రాస్ట్. అక్కడే పుట్టిన కుర్రాడు. 1997లో నెబ్రాస్కా నేషనల్ టైటిల్ గెలిచినప్పుడు క్వార్టర్‌బ్యాక్ ఆయనే. 2015లో ఒక్క మ్యాచ్ కూడా గెలవని సెంట్రల్ ఫ్లోరిడా టీమ్‌ని రెండో సీజన్‌కే 13-0 చేశారు. ఇక గొడవ ఏముంటుంది? సొంత ఊరి బిడ్డ తిరిగొచ్చాడని పండగ చేసుకున్నారు. రిజల్ట్? 16 గెలుపులు, 31 ఓటములు. గెలుపులు ఎక్కువున్న సీజన్ ఒక్కటీ లేదు. 2022 సెప్టెంబర్‌లో తీసేశారు.

అంటే చూడండి. ఫ్యాన్స్ చప్పట్లు కొట్టిన చోట సినిమా ఫ్లాప్. "ఎవరీయన" అన్న చోట ఏం జరిగిందో ఇప్పుడు చెప్తాను. మొదటి రోజు మనం వాదించేది ఎక్కువగా ఆ మనిషి పేరు వినగానే మనకి ఏమనిపించిందో దాని గురించే. అది ఆట గురించి ఏమీ చెప్పదు. మరి ఏం చూడాలి? నా లెక్కలో నాలుగు ప్రశ్నలు.

ఒకటి. ఎన్ని చోట్ల, ఎంత కాలం గెలిచారు? సిగ్నెట్టి 2007 నుంచి అలబామాలో నిక్ సేబన్ దగ్గర అసిస్టెంట్. 49 ఏళ్ల వయసులో, 2011లో, ఆ పెద్ద ఉద్యోగం వదిలేసి పెన్సిల్వేనియాలో ఒక డివిజన్ టూ కాలేజీకి హెడ్ కోచ్‌గా వెళ్లారు. తర్వాత ఈలాన్, ఆ తర్వాత జేమ్స్ మాడిసన్. మూడు చోట్లా కలిపి 13 సీజన్లు, 119 గెలుపులు, 35 ఓటములు. ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటి కూడా లేదు. ఫ్రాస్ట్‌ది కూడా అద్భుతమే, కానీ ఒకే చోట, రెండే సీజన్లు. ఒక హిట్ కొట్టడం వేరు, బడ్జెట్ మారినా బ్యానర్ మారినా హిట్ కొట్టడం వేరు.

రెండు. ఎవరితో కలిసి వస్తున్నారు? సిగ్నెట్టి తన ఇద్దరు కోఆర్డినేటర్లను, ఏకంగా 13 మంది జేమ్స్ మాడిసన్ ప్లేయర్లను వెంట తెచ్చుకున్నారు. ఇక్కడ ఫ్రాస్ట్‌కి కూడా న్యాయం చేయాలి. ఆయన కూడా తన స్టాఫ్‌ని తెచ్చుకున్నారు. కానీ అప్పటి రూల్ ప్రకారం కాలేజీ మారిన ప్లేయర్ మామూలుగా ఒక ఏడాది బెంచ్ మీద కూర్చోవాలి. 2021లో ఆ రూల్ సడలింది. అంటే ఇప్పుడు కోచ్ తన ఇంటి సామాన్లతో పాటు టీమ్‌ని కూడా లారీలో ఎక్కించుకుని రావచ్చు.

మూడు. వెనక డబ్బు ఉందా? 2021 జూలై నుంచి ప్లేయర్లు తమ పేరు, ఫొటో మీద సంపాదించుకోవచ్చు. 2025 జూలై నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాది లిమిట్, అన్ని ఆటలకీ కలిపి, సుమారు 20.5 మిలియన్ డాలర్లు. ఎంత గొప్ప కోచ్ వచ్చినా మేనేజ్‌మెంట్ పర్సు తెరవకపోతే, పప్పు లేకుండా పప్పుచారు పెట్టమన్నట్టే.

నాలుగు. తేడా వస్తే బయటపడేది ఎలా? దీన్ని ఫ్యాన్స్ అస్సలు పట్టించుకోరు. కోచ్‌ని కాంట్రాక్ట్ మధ్యలో తీసేస్తే మిగతా డబ్బు కట్టాలి. దాన్ని బైఅవుట్ అంటారు. ఫ్రాస్ట్‌కి సుమారు 15 మిలియన్ డాలర్లు. ఇంకో మూడు వారాలు ఆగితే అది సగానికి పడిపోయేది. అయినా ఆగలేకపోయారు. 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం, జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు లెక్క సుమారు 76 మిలియన్లు. మన డబ్బుల్లో 600 కోట్ల పైమాటే. పని చేయడానికి కాదు, చేయకుండా ఇంట్లో కూర్చోవడానికి!

ఇది మనకెందుకు అంటారా? మనలో చాలామంది ఎంఎస్‌కి అక్కడికి వెళ్తున్నారు. కొన్ని యూనివర్సిటీల్లో స్టూడెంట్ ఫీజు బిల్లులో అథ్లెటిక్స్ ఫీజు కూడా ఉంటుంది. అన్ని చోట్లా ఇలా కాదు. టామ్ అలెన్‌కి ఇచ్చిన 15.5 మిలియన్లు దాతల డబ్బే అని ఇండియానా చెప్పింది. కానీ అడ్మిషన్ తీసుకునే ముందు బిల్లులో ఆ లైన్ ఉందో లేదో చూసుకోండి.

డబ్బు కంటే పెద్ద విషయం ఇంకోటి ఉంది. కోచ్ మాట నమ్మి ఊరు వదిలి వచ్చిన 18 ఏళ్ల కుర్రాళ్లు. కోచ్ మారగానే వాళ్ల ప్లేస్ పోవచ్చు. కొత్త కోచ్ వెంట 13 మంది వచ్చారంటే, పాత వాళ్లలో కొంతమంది మళ్లీ బ్యాగ్ సర్దుకోవాల్సిందే. మనం పండగ చేసుకుంటున్న రోజే వాళ్ల ఇళ్లల్లో టెన్షన్.

సరే, సినిమా రిజల్ట్. 2024లో ఇండియానా 11 గెలుపులతో ప్లేఆఫ్‌కి వెళ్లి నోటర్ డేమ్ చేతిలో ఓడింది. 2025లో అసలు ఓడిపోలేదు. ఒహాయో స్టేట్‌ని 13-10తో ఓడించి బిగ్ టెన్ టైటిల్ గెలిచింది. రోజ్ బౌల్‌లో అలబామాని, అంటే ఒకప్పుడు సిగ్నెట్టి అసిస్టెంట్‌గా పనిచేసిన టీమ్‌ని, 38-3తో చిత్తు చేసింది. 2026 జనవరి 19న మయామీని 27-21తో ఓడించి నేషనల్ ఛాంపియన్ అయింది. 16కి 16. నేను శాలువా కప్పేసిన మనిషి!

ఒక్క నిమిషం. "చూశారా, నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు" అని నేను అనను. రిజల్ట్ తెలిశాక కారణాలు చెప్పడం ఎవరైనా చేస్తారు. సరైన క్వార్టర్‌బ్యాక్ దొరకాలి, గాయాలు కాకూడదు, అదృష్టం కూడా కావాలి. ఈ ప్రశ్నలు గ్యారంటీ కార్డ్ కాదు. మొదటి రోజు మన నోటికి వేసుకునే చిన్న బ్రేక్, అంతే.

అన్నట్టు, కోచ్‌ని, 13 మంది ప్లేయర్లని పోగొట్టుకున్న జేమ్స్ మాడిసన్ ఏమైంది? వాళ్లు హోలీ క్రాస్ నుంచి బాబ్ చెస్నీని తెచ్చుకున్నారు. ఆయనా పెద్ద పేరు కాదు, ఆయనా చిన్న కాలేజీల్లో గెలుస్తూ వచ్చిన మనిషే. 2025లో ఆ చిన్న యూనివర్సిటీ కూడా ప్లేఆఫ్‌కి వెళ్లింది. అదే సీజన్‌లో చెస్నీని యూసీఎల్ఏ తీసుకెళ్లిపోయింది. జేమ్స్ మాడిసన్ ఫ్యాన్స్ మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి ఎవరు అని.

మా వాడి తాతగారు 2023లో ఆ రెండు టికెట్లు వదులుకోలేదు. మనవడు వద్దన్నా రెన్యూ చేశారు. టైటిల్ గెలిచిన రాత్రి నేను మా వాడికి మెసేజ్ పెట్టాను, "తాతగారు ఏమన్నారు?" అని. రిప్లై వచ్చింది. "ఏమీ అనలేదు. వచ్చే సీజన్ టికెట్ల డబ్బు ఎప్పుడు కట్టాలో కనుక్కోమన్నారు."

మీ ఫేవరెట్ టీమ్‌కి, అది ఐపీఎల్ అయినా సరే, కొత్త కోచ్ వచ్చినప్పుడు మీరు మొదట చూసేదేంటో కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.