జుట్టు ఇవ్వనన్న పిల్ల

లక్షల మంది ఇష్టంగా తలనీలాలు ఇచ్చే తిరుమల కొండ మీద, జుట్టు తీయించుకోనని ఎదురు నిలిచిన ఓ వితంతువు పేరు రోజూ వినిపిస్తుంది. రాత్రి ఏకాంత సేవలో శ్రీవారికి పట్టే ముత్యాల హారతి ఆమె పేరిటే. 2011లో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించిన అన్నప్రసాద భవనానికీ ఆమె పేరే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, వెంకటగిరికోట నుంచి కొండకు వెళ్లేవాళ్లు అక్కడ పంక్తిలో కూర్చుని తృప్తిగా భోంచేసి వస్తారు. మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ మహాభక్తురాలని వాళ్లందరికీ తెలుసు. సొంత ఊరే ఒకప్పుడు ఆమెను పిచ్చిదంది, దయ్యం పట్టిందంది. ఆ సంగతి మాత్రం ఎవరూ తలచుకోరు.

గుర్రంకొండ మండలంలోని తరిగొండలో, లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్న ఊళ్లో, కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు పుట్టిన పిల్ల వెంగమాంబ. 1730లో పుట్టి 1817లో తిరుమలలో సమాధి చెందారని తిరుమల తిరుపతి దేవస్థానం చెబుతుంది. ఆ కాలపు బ్రాహ్మణ ఇళ్లలో జరిగినట్టే చిన్నప్పుడే పెళ్లయింది. కాపురానికి వెళ్లకముందే భర్త పోయాడు. ఇక మిగిలింది తల గొరిగించడం, బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం, ఓ మూల కూర్చోబెట్టడం. పిల్ల కాదంది. తన భర్త వేంకటేశ్వరుడే, ఆయనకు చావు లేదు, కాబట్టి తాను ముత్తైదువనే అంది. బొట్టు తీయలేదు, పూలు మానలేదు.

ఈ వాదనలో తెలివి గమనించాలి. ఆమె శాస్త్రాన్ని తిట్టలేదు, మతం వదలలేదు. భర్త బతికి ఉన్నంతకాలం ఆడదానికి బొట్టు ఉంటుందని చెప్పిన నియమాన్నే పట్టుకుని, దాన్ని పెద్దలు కాదనలేని చోటికి తీసుకెళ్లింది. వేంకటేశ్వరుడు చనిపోయాడని ఏ పూజారి అనగలడు?

అనలేరు గనుకే వేరే దారి పట్టారు. పిల్ల గంటల తరబడి కదలకుండా కూర్చుంటోంది, తనలో తాను మాట్లాడుకుంటోంది, గాలి సోకింది అన్నారు. నరసింహస్వామి గుళ్లో ఆంజనేయుడి విగ్రహం వెనకాల కూర్చుని ధ్యానం చేసుకుంటుంటే పూజారి జుట్టు పట్టి బయటికి ఈడ్చాడని ఆ సీమలో ఇప్పటికీ చెబుతారు. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఒక్కరే ఆ పిల్లలో జబ్బును కాక జిజ్ఞాసను చూసి ఉపదేశమిచ్చారు. గురువు దగ్గర ఓనమాలైనా దిద్దలేదని తన కావ్యాల్లో చెప్పుకున్న మనిషి, తరిగొండలో ఉండగానే నృసింహ శతకం, శివనాటకం, రాజయోగామృతసారం రాసేసింది.

అసలు తగువు పుష్పగిరి పీఠాధిపతి ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు ముదిరింది. వితంతువు జుట్టుతో తిరుగుతోందని ఊరి పెద్దలు ఫిర్యాదు చేశారు. ఆ తర్వాత జరిగింది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. తీసినా మళ్లీ మొలిచే జుట్టును ఎన్నిసార్లు తీయిస్తారని ఆమె అడిగిందట. మంగలిని పిలిపించి గొరిగిస్తే, నీళ్లలో మునిగి లేచేసరికి జుట్టంతా తిరిగొచ్చిందట. పీఠాధిపతికి కాదు, పీఠానికి నమస్కరిస్తానని చేతులు జోడిస్తే పీఠం భగ్గున మండిందట.

మహిమలు నమ్మేవాళ్లు నమ్ముతారు. కానీ ఈ కథ చెప్పుకునే తీరులో ఆమెకు ఓ అన్యాయం జరుగుతోంది. జుట్టు మళ్లీ మొలవడం ఒక్కటే చెప్పుకుంటున్నాం. మంగలి రాకముందు, పీఠం మండకముందు, ఏ మహిమా అండ లేనప్పుడు, ఓ ఆడపిల్ల నిండు సభలో వద్దని చెప్పింది. కథలో అతి కష్టమైన ఘట్టం అదే. మహిమ దేవుడి లెక్కలోకి పోతుంది, ధైర్యం మాత్రం ఆ పిల్లది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. అంతకు శతాబ్దం పైచిలుకు ముందు, పత్రికలు లేవు, సంఘాలు లేవు, చట్టం లేదు. ఆ పిల్ల వెనక ఉన్నది ఓ గురువు, కొన్ని పద్యాలు.

యూరప్‌లో పుట్టి ఉంటే ఆమెను మంత్రగత్తె అనేవారేమో. ఫ్రాన్సులో జోన్ ఆఫ్ ఆర్క్ తనకు దైవవాక్కులు వినబడుతున్నాయంది. మగవాళ్ల బట్టలు వేసుకుంది, జుట్టు కురచగా కత్తిరించుకుంది. ఆమె మీద మోపిన నేరాల్లో మంత్రవిద్యతో పాటు ఆ బట్టలూ ఆ జుట్టూ కూడా చేరాయి. చివరికి మతద్రోహి అని తేల్చి 1431 మే 30న రువాన్‌లో సజీవంగా తగలబెట్టారు. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్లు. ఆ తీర్పు చెల్లదని 1456లో కొట్టేశారు. 1920లో అదే చర్చి ఆమెను పునీతురాలిని చేసింది. జోన్ జుట్టు కత్తిరించుకున్నందుకు తప్పయింది, వెంగమాంబ ఉంచుకున్నందుకు తప్పయింది. తమ తల మీది వెంట్రుక గురించి తామే నిర్ణయించుకోవడమే ఇద్దరి నేరమూ.

వెంగమాంబ తరిగొండ వదిలి తిరుమల చేరాక కూడా పోరు తప్పలేదు. పొరుగున ఉన్న అర్చకుడు తిన్న విస్తళ్లు ఆమె పెరట్లోకి విసిరేవాడని, విసిగిపోయి తుంబురు కోనకు వెళ్లి కొన్నేళ్లు తపస్సు చేసుకుందని చెబుతారు. తిరిగొచ్చాక రాయడం ఆపలేదు. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, యక్షగానాలు, తత్త్వ కీర్తనలు వరసగా వచ్చాయి. అన్నదానం నడిపింది. దాతలు ఆమె ధర్మకార్యాలకు ధనం, భూములు రాసిచ్చారు. పిచ్చిదన్న ఊరి దేవుణ్ణి మాత్రం వదల్లేదు, తన కృతులన్నిటా తరిగొండ నృసింహుణ్ణి తలచుకుంటూనే ఉంది. తరిగొండలో పిచ్చి అనిపించుకున్న ఆ ధ్యానమే తిరుమలలో యోగమైంది.

పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్న వెంగమాంబతో పోలేదు. మే నెలలో కుప్పం గంగమ్మ జాతరకు వెళ్లినవాళ్లు పూనకం చూసే ఉంటారు. అమ్మవారు పూనిన మనిషి కాళ్లకు నీళ్లు పోస్తారు, పసుపు రాస్తారు, వాక్కు అడుగుతారు. జాతర అయిపోయాక ఓ పదిహేనేళ్ల పిల్ల ఇంట్లో అదే మాదిరి ఊగిపోతే, పెళ్లి వద్దని ఏడ్చి అన్నం మానేస్తే, అంత్రం కట్టిస్తారు, వేపమండలతో కొడతారు, మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతారు. ఊగే ఒళ్లు ఒకటే, పేర్లే వేరు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిపోయింది. దేశ సగటు 23.3. పెళ్లి వద్దన్న పిల్లకు గాలి సోకిందనడం ఎంత సులువో ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే దళిత బాలికలను మాతమ్మ అనే దేవతకు వదిలే ఆచారం ఉంది. దేవత పేరిట తాళి కడతారు. ఆపైన ఆ పిల్లకు మామూలు పెళ్లి ఉండదు, ఊరి మగవాళ్ల చూపు నుంచి రక్షణా ఉండదు. దేవదాసీగా అంకితమివ్వడాన్ని నిషేధిస్తూ 1988లోనే రాష్ట్రం చట్టం చేసింది. అయినా 2017లో జాతీయ మానవ హక్కుల సంఘం మాతమ్మల విషయమై ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులు పంపాల్సి వచ్చింది. ఇక 2021 జనవరిలో మదనపల్లెలో బాగా చదువుకున్న తల్లిదండ్రులే, మళ్లీ బతికొస్తారన్న నమ్మకంతో, ఎదిగిన ఇద్దరు కూతుళ్లను పొట్టన పెట్టుకున్నారు. చదువు ఒక్కటే కాపాడుతుందన్న భరోసా ఆరోజుతో పోయింది.

ఆడవాళ్లను మంత్రగత్తెలని ముద్ర వేయడం కూడా ఇలాంటి పేరు పెట్టడమే. దాన్ని నిషేధిస్తూ బిహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో చట్టాలు చేశాయి. ఆ ముద్ర పడిన ఆడవాళ్లే కొన్నిచోట్ల ముందు నడిచారు. జార్ఖండ్‌లో ఛుట్నీ మహతో అలాంటి అవమానం పడి, ఇల్లు విడిచి వచ్చి, తనలాంటి వాళ్లకు అండగా నిలిచింది. అస్సాంలో బీరుబాలా రాభా ఊరూరా తిరిగి పోరాడింది. 2021లో ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అనుమానంతో మనుషుల పళ్లు రాలగొట్టిన ఘటనలు ఎన్నోసార్లు పత్రికలకెక్కాయి. జనవిజ్ఞాన వేదిక, హేతువాద సంఘాల కార్యకర్తలు మూఢనమ్మకాల మీద ప్రత్యేక చట్టం కావాలని అడుగుతూనే ఉన్నారు.

వెంకటగిరికోట మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉంది. కోలార్ బంగారు గనుల (కేజీఎఫ్) వైపు వెళ్తే కాసేపట్లోనే కర్ణాటక వచ్చేస్తుంది. అమానుష దురాచారాల మీద అక్కడ 2017లో చట్టం చేసి, 2020 నుంచి అమలు చేస్తున్నారు. దయ్యం వదిలిస్తామని మనిషిని కొట్టడం దాని కింద నేరం. సరిహద్దుకు ఇవతల అలాంటి ప్రత్యేక చట్టం లేదు, దెబ్బ తగిలాక మామూలు సెక్షన్లే దిక్కు. అలాంటి చట్టం వచ్చేదాకా, పొరుగింట్లో ఓ పిల్లను మంత్రగాడి ముందు కూర్చోబెడుతున్నారని తెలిసినవాళ్లు 1098కి ఫోన్ చేయొచ్చు. బాల్య వివాహమైనా అదే నంబరు. పిల్ల నిజంగానే మనసు బాగోక నలుగుతుంటే టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు.