పస తగ్గిన పెరటినేల

పెరటిలో వంగయు బెండయు టమాటాయు నేటేట నాటుచుందుము. మొదటి రెండేండ్లు గంపలకొలది కాయును. మూడవయేటినుండి మొక్క గిడసబారును, ఆకు పాలిపోవును, పిందె రాలును. అప్పుడు మనలో పలువురు చేయు పని యొక్కటే: మరి నాలుగు తట్టల పెంట తెప్పించి పోయింతుము. పెంటను నిందించుట నా యుద్దేశము గాదు. అది లేనిదే పెరడు లేదు. కాని నేలకు లోపించిన దొకటియు మన మిచ్చున దొకటియు నైనచో నెంత పోసినను మొక్క కోలుకొనదు.

నేలనుండి మనము తీసికొనున దేమో తెలియవలెనన్న నొక యెండుమొక్కను కాల్చి చూడుడు. మొక్క గాలినుండియు నీటినుండియు పొందిన దంతయు మంటతో పోవును. నత్రజనియు, గంధకములో చాలభాగమును పొగతోడనే పోవును. చివరకు మిగులు పిడికెడు బూడిద మాత్రము నేల యిచ్చినది. పొటాషు, సున్నము, మెగ్నీషియము, భాస్వరము, లేశమాత్రముగా నినుము, జింకు మొదలగునవి యందే యున్నవి. తోటకూర కట్ట కోసిన ప్రతిసారియు నా పిడికెడులో కొంత పెరడు దాటి వంటయింటికి వచ్చుచున్నది.

పూర్వ మది తిరిగి పోవు త్రోవ యుండెడిది. పొయ్యిబూడిద, కూరగాయల తొక్కలు, బియ్యము కడిగిన నీరు, దూడ వదలిన గడ్డి అన్నియు పెరటిగుంతకే చేరెడివి. అది యెరువని యెవరును పేరు పెట్టలేదు. ఇల్లు శుభ్రపరచుటయే నేలకు భోజన మయ్యెడిది. ఇప్పుడు గ్యాసుపొయ్యికి బూడిద లేదు. తొక్కలు పురపాలక సంఘమువారి బండి నెక్కుచున్నవి. పొగ లేని వంటయిల్లు మన కండ్లకును ఊపిరితిత్తులకును చేసిన మేలు చిన్నది గాదు గనుక నా పొగ మరల రావలెనని నేను కోరను. తొక్కలను మాత్రము బండికి వేయక గుంతకు వేయుట మన చేతిలోనిదే.

ఎక్కడనైన కట్టెబూడిద దొరకిన యెడల వెంటనే జల్లవద్దు. అందు పొటాషుకంటె సున్నమే హెచ్చు. సున్నపు నేలలో అది చేరిన కొలది ఇనుము, జింకు మరింత బిగిసికొని వేరున కందకుండ పోవును. పిడికెడు మట్టిపై నిమ్మరసము పిండి చూడుడు. బుసబుస పొంగెనా, అది సున్నపు నేల, బూడిద వలదు. పొంగనంతమాత్రమున సున్నము లేదని నిశ్చయింపరాదు గాని, పుల్లని యెఱ్ఱనేల యని పరీక్షలో తేలినచో కొద్దిగా వేయవచ్చును. బూడిదను పచ్చిపేడతో కలుపరాదు. పేడలోని నత్రజని ఘాటువాయువై లేచిపోవును.

మొక్కకు నోరు లేకున్నను ఆకు చెప్పును. ముదురాకు ముందు చెడినదా, లేతాకు ముందు చెడినదా యన్నది చూడవలసిన మొదటి సంగతి. కొన్ని ధాతువులను మొక్క ముసలి యాకునుండి తీసి పసియాకున కియ్యగలదు. తల్లి తాను పస్తుండి బిడ్డకు పెట్టినట్లు క్రింది యాకులు ముందు పండును. ఆకంతయు పసుపైన నత్రజని, అంచులు మాడిన పొటాషు, ఈనెలు పచ్చగా నుండి నడిమి భాగము పసుపైన మెగ్నీషియము తక్కువయని యూహింపవచ్చును. ఇనుము, సున్నము అట్లు కదలవు. వాని లోపము చిగురుననే తెలియును.

కరివేపచెట్టు చిగురు తెల్లబడి యీనెలు మాత్రము పచ్చగా నున్న యిండ్లు మనకు కొల్లలు. అది యినుము కొఱకు పడు బాధ. సున్నపు నేలలో ఇనుము లేకపోలేదు, ఉండియు కరగదు. కావున మొదట అన్నభేది పోసిన నదియు నట్లే బిగిసిపోవును. లీటరు నీటిలో అయిదు గ్రాముల అన్నభేదియు అరచెక్క నిమ్మరసమును కలిపి సాయంకాలము ఆకులపై చల్లవలెను. వారము విడిచి మరల చల్లవలెను. అన్నభేది లేతపచ్చగా నుండవలెను. తుప్పురంగు తిరిగినది కొనవద్దు. చల్లిన ఆకును కొన్నాళ్లు కోయకుండుటయు, పిదప బాగుగా కడిగి వాడుటయు మంచిది.

జింకు కథ వేరు. హిమాలయముల పాదమున తరాయి నేలలు నల్లగా, మెత్తగా, ఆకుకుళ్లుతో నిండియుండును. చూచినవా రెవరును పస లేదనరు. అట్టి నేలలో పంతునగరమున వరియాకులు తుప్పుమచ్చలు పడి మాడిపోయెను. దాని పేరు ఖైరా. అది పురుగుగాని బూజుగాని కాదనియు, జింకు లోపమే కారణమనియు 1966లో యశవంత లక్ష్మణ నేనేగారు తెలిపిరి. ఆయనయే తరువాత సికిందరాబాదున నుండి, సురపాలుని సంస్కృత వృక్షాయుర్వేదమును నళినీ సాధలేగారి యాంగ్లానువాదముతో 1996లో వెలువరించిరి. అందు మాంసము, ఎముకల మూలుగ, నువ్వులపిండి మొదలగువానిని పులియబెట్టి చేయు కుణపజలమను ఎరువు కలదు. ఎముకలలోని భాస్వరము, సున్నము నేలకు తిరిగి చేర్చు నుపాయమది. నా కా వాసన తలచుకొన్నంతనే పెరటితలుపు మూయవలెననిపించును. అయినను వెయ్యేండ్ల క్రిందటి వారి యూహను మెచ్చకుండ నుండలేను.

జింకు తక్కువైన నేలలో పండిన ధాన్యమునందును జింకు తక్కువగానే యుండును. బిడ్డల యెదుగుదలకును, రోగమును తట్టుకొను శక్తికిని అది యవసరము. కావున నిది చెట్టు బాధ మాత్రమే గాదు. మన ప్రాంతమున వరికి ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు చెప్పుదురు. సెంటునకు 200 గ్రాములు. పరీక్షలో లోపము తేలినప్పుడే వేయవలెను. ఒకసారి వేసినది పలు కార్లకు నిలుచును. సూపరుఫాస్ఫేటుతో కలిపి వేసిన రెండును వ్యర్థమగును. అంగడివాడు తుత్తమని నీలిరంగు మైలుతుత్తము కట్టి యియ్యవచ్చును. అది రాగిది, దీనికి బదులు పనికిరాదు.

సున్నముగూర్చి యొక వింత. వేరుసెనగ కాయ తనకు వలసిన సున్నమును వేళ్లద్వారా గాక తానే చుట్టుమట్టినుండి పీల్చుకొనును. అందుచేతనే ఊడలు దిగు వేళ మొదట జిప్సము వేయుట. టమాటా అడుగు నల్లబడి కుళ్లుటయు సున్నము చాలకయే. కాని పలుమారు నేలలో సున్న ముండియు, ఒకనాడు ఎండగట్టి మరునాడు ముంచుటవలన కాయకు చేరదు. గ్రుడ్డుపెంకులు పాతిపెట్టుటకంటె నీరు సమముగా పోయుట మేలు.

ఊహకంటె పరీక్ష నిశ్చయము. 2015లో ప్రభుత్వమువారు భూసార పత్రముల పథకము నారంభించిరి. ఆమ్లక్షారములు మొదలు బోరానువరకు పండ్రెండు విషయము లందు చూపుదురు. మీ మండలపు వ్యవసాయాధికారి నడిగిన మట్టి ఎక్కడికి పంపవలెనో చెప్పుదురు. పెరటిలో ఏడెనిమిది చోట్ల జానెడు లోతున తీసి కలిపి, అరకిలో నీడన నారబెట్టుడు. పెంటకుప్ప ప్రక్కను, చెట్టు మొదటను తీయవద్దు. జింకు పూత పూసిన రేకుతట్టలో నెత్తవద్దు. జింకు లేని మట్టియు నున్నదని చెప్పును. ఫలితము వచ్చులోపల మడి ఖాళీగా నుంచక జనుము చల్లి, పూత తొడగగానే కోసి మట్టిలో కలిపివేయుడు.