ఉపగ్రహ చిత్రంలో మీ పొలం సరైన చోటే ఉందా?

ఫోనులో పంట పచ్చదనం పటాలు చూసి ఎరువులు, మందులు నిర్ణయించుకునే రైతులు పెరుగుతున్నారు. ఒక పత్తి రైతు పటంలో తన చేను తూర్పు అంచు ఎర్రగా ఉందని యూరియా వేయబోయారు. ఇద్దరం వెళ్లి చూస్తే అక్కడ మొక్కలు ఏపుగానే ఉన్నాయి. ఎర్రగా కనిపించింది గట్టు అవతలి బీడు. పటం ఒక పక్కకు జరిగింది, అంతే.

తేడా ఎంత?

ఉచితంగా లభించే సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) 10 మీటర్లు. ఎకరానికి సుమారు 40 గడులు వస్తాయి. చదరంగా ఉన్న ఎకరం చేనులో చిత్రం ఒక్క గడి జరిగితే సుమారు 16 సెంట్లు, అంటే 6 గుంటలకు పైగా, పక్క పొలం మన లెక్కలోకి వస్తుంది. 20 మీటర్ల వెడల్పున్న సన్నటి చేను అడ్డంగా జరిగితే సగం పోయినట్లే.

ఎందుకు వస్తుంది?

ఈ ఉపగ్రహం సుమారు 786 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. కెమెరా చూసే కోణం లెక్కలో కొద్ది తేడా ఉన్నా నేలపై మీటర్లకు మీటర్లు జరుగుతుంది. గుట్టల ప్రాంతంలో నేల ఎత్తుపల్లాల వల్ల కూడా స్థానం మారుతుంది. అందుకే రోడ్ల కూడళ్ల వంటి స్థిరమైన నేల గుర్తులతో, ఎత్తుల పటంతో చిత్రాన్ని సరిచేస్తారు. సెంటినెల్-2 చిత్రాలను 2021 నుంచి ఒక ప్రామాణిక చిత్రంతో సరిపోల్చి ఇస్తున్నందున తేడా బాగా తగ్గింది. అంతకు ముందటి చిత్రాలతో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం.

ఇక మిగిలేది మన ఫోను. ఆరుబయట కూడా ఫోను జీపీఎస్‌లో 5 మీటర్ల వరకు తేడా సాధారణం. చెట్ల కింద ఇంకా ఎక్కువ.

రైతులు పాటించాల్సినవి

1. పొలం హద్దు గుర్తించేటప్పుడు ప్రతి మూలలో ఆరుబయట ఒకటి రెండు నిమిషాలు ఆగి, చుక్క కదలడం ఆగాకే పాయింటు తీసుకోండి.

2. పొలం చుట్టుపక్కల రోడ్డు కూడలి, కాలువ, చెరువు కట్ట పటంలో సరిగా కలుస్తున్నాయో చూడండి. చెరువు నీటి అంచును గుర్తుగా తీసుకోవద్దు, నీటిమట్టంతో అది మారుతుంది.

3. గుర్తులన్నీ ఒకే వైపు, ఒకే దూరం జరిగితే హద్దును కూడా అంతే జరిపి చూడండి. తలా ఒక వైపు జరిగితే ఆ చిత్రాన్ని వదిలి మరో తేదీది తీసుకోండి.

4. గట్టు వెంబడి ఒక గడి వెడల్పు వదిలి లోపలి భాగాన్నే నమ్మండి. గట్టు మీది గడిలో మన పంట, పక్క పంట, గడ్డి కలిసిపోతాయి.

5. మచ్చ కనిపించిన చోటికి వెళ్లి, మొక్కలను, ఆకుల అడుగు భాగాన్ని పరిశీలించాకే ఎరువు గానీ మందు గానీ వేయండి.

ముఖ్య గమనిక: గట్టు తగాదాలకు ఈ చిత్రాలను ఆధారంగా చూపవద్దు. హద్దులు తేల్చాల్సింది సర్వేయరు కొలతలే. పంట నమోదులో మీ పొలం పక్క సర్వే నంబరులో పడినట్లు కనిపిస్తే, గడువు ముగియకముందే గ్రామ వ్యవసాయ సిబ్బందికి తెలిపి సరిచేయించుకోండి. బీమా, పరిహారం సమయంలో ఇబ్బంది తప్పుతుంది.