తెలుగు క్రియాజన్య విశేషణం – ఆంగ్ల పార్టిసిపియల్ పదబంధం: గని వాక్యాల ఆధారంగా ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటి, సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు చెందిన బొగ్గు గనుల ఊరు. ఇటువంటి చోట పని తెలుగులో నడిచినా, నివేదిక ఆంగ్లంలో రాయవలసి వస్తుంది. విశేషణ పదబంధం చేరవలసిన నామాన్ని కాక మరో నామాన్ని చేరితే ఒకరి పొరపాటు వేరొకరికి అంటుతుంది. ఈ దోషానికి మూలం తెలుగు, ఆంగ్ల నిర్మాణాల భేదంలో ఉందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. ఉదాహరణ వాక్యాలు కల్పితాలు.

2. ఒకే రూపం – భిన్న సంబంధాలు:
'బొగ్గు తవ్విన కార్మికుడు', 'కార్మికుడు తవ్విన బొగ్గు', 'కార్మికుడు బొగ్గు తవ్విన పలుగు' అనే మూడింటిలోనూ 'తవ్విన' రూపం మారదు. విశేష్యం కర్తా, కర్మా, కరణమా అన్నది సందర్భమే చెబుతుంది. ఆంగ్లంలో ఈ వెసులుబాటు లేదు. విశేష్యం పని చేసేదైతే 'ఇంగ్' రూపం (ద వర్కర్ డిగ్గింగ్ కోల్), పనికి గురైనదైతే భూత పార్టిసిపిల్ (ద కోల్ డగ్ బై ద వర్కర్) వాడాలి. కరణానికి ఈ రెండూ చాలవు. 'విత్ విచ్' వంటి ఉపవాక్యం అవసరం. అలాగే 'నిన్న వచ్చిన కార్మికుడు' అనడానికి 'కమింగ్' పనికిరాదు; 'హూ కేమ్ యెస్టర్‌డే' అనాలి.

3. స్థాన భేదం:
తెలుగులో క్రియాజన్య విశేషణం ఎంత దీర్ఘమైనా విశేష్యానికి ముందే నిలుస్తుంది: 'ఆధారం లేని పైకప్పు కింద నిలబడిన కార్మికుణ్ణి ఓవర్‌మాన్ హెచ్చరించాడు.' ఇక్కడ సందిగ్ధత లేదు. విద్యార్థి ఈ క్రమాన్నే ఆంగ్లంలోకి తెచ్చి 'స్టాండింగ్ అండర్ ది అన్‌సపోర్టెడ్ రూఫ్, ది ఓవర్‌మాన్ వార్న్‌డ్ ద వర్కర్' అని రాస్తే, కప్పు కింద నిలబడింది ఓవర్‌మాన్ అవుతాడు. వాక్యాది పదబంధం ప్రధాన వాక్య కర్తను ఆశ్రయించడమే దీనికి కారణం. ఆ పదబంధాన్ని 'వర్కర్' తరువాత ఉంచితే దోషం తొలగుతుంది.

4. కర్త ఐక్యత:
'గనిలోకి దిగుతుండగా దీపం ఆరిపోయింది' అన్నది సరైన తెలుగు. '-తుండగా' భిన్న కర్తలను అనుమతిస్తుంది. దీన్ని 'ఎంటరింగ్ ద మైన్, ద ల్యాంప్ వెంట్ అవుట్' అంటే దీపమే గనిలోకి దిగినట్లవుతుంది. 'గనిలోకి దిగి దీపం ఆరిపోయింది' అన్నప్పుడు మనకు కలిగే ఇబ్బందే ఆంగ్ల పాఠకుడికీ కలుగుతుంది. క్త్వార్థకానికి సాధారణంగా ఏకకర్తృకత్వం కావాలి. 'వానలు కురిసి చెరువులు నిండాయి' వంటి కార్యకారణ వాక్యాలు మినహాయింపు. 'యాజ్ హి ఎంటర్డ్ ద మైన్' అని కర్తను వ్యక్తం చేయడం పరిష్కారం.

5. ముగింపు:
బోధనలో రెండు ప్రశ్నలు చాలు: ఈ పని ఎవరిది? ఆ నామం పదబంధానికి సరైన స్థానంలో ఉందా? తెలుగు వ్యాకరణ జ్ఞానం ఆంగ్ల బోధనకు అడ్డంకి కాదు, సాధనం. నివేదికలోని ఒక్క పదబంధం బాధ్యతను నిర్ణయించగల చోట ఈ సాధనం విలువ తరగతి గదిని దాటుతుంది.