స్టీరింగ్ దానంతటదే ఎలా తిరిగొస్తుంది?

షార్జా నుంచి ఒక పాఠకుడు రాశారు. ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు) రెన్యువల్ కోసం టెస్టింగుకు తీసుకెళ్తే కారు ఫెయిలయిందట. కారణం: టై రాడ్ చివర రబ్బరు బూటు చిరగడం. ‘బండి తిన్నగానే పోతోంది కదా, ఆ రబ్బరు ముక్కకి ఇంత పట్టింపా? ఈమధ్య రౌండబౌట్ దాటాక స్టీరింగ్ వదిలితే మునుపటిలా తిరిగి రావడం లేదు. రెంటికీ సంబంధం ఉందా?’ అని అడిగారు.

ఉంది. అసలు స్టీరింగ్ తిరిగి రావడమే మోటారు వాహనంలోకెల్లా అందమైన విషయం.

ముందు పైపై సంగతి. మనం తిప్పితే కింద పినియన్ అనే చిన్న పళ్లచక్రం తిరుగుతుంది, అది రాక్ అనే పళ్లకడ్డీని పక్కకు జరుపుతుంది, రెండు టై రాడ్లు చక్రాల్ని మళ్లిస్తాయి. మరి వెనక్కి మళ్లించేదెవరు? అక్కడ స్ప్రింగేమీ లేదు.

సూపర్‌మార్కెట్ ట్రాలీ ముందుచక్రం చూడండి. నెట్టగానే తిరిగి తిన్నగా సర్దుకుంటుంది. అది తిరిగే ఇరుసు ముందుంటుంది, నేలను తాకే చోటు వెనకుంటుంది కాబట్టి. కారులో ఆ ఇరుసు నిలువుగా ఉండదు. పైభాగం వెనక్కి వాలి ఉంటుంది, చాలా కార్లలో 3 నుంచి 7 డిగ్రీలు. దీన్ని కాస్టర్ అంటారు. ఆ వాలుగీతను నేలదాకా పొడిగిస్తే టైరు ఆనిన చోటుకన్నా ముందు తగులుతుంది. మలుపులో రోడ్డు టైరును పక్కకు నెట్టే బలం ఆ గీతకు వెనక పడి, చక్రాన్ని తిన్నగా లాగుతుంది.

ఇంతటితో అయిపోలేదు. టైరులో రోడ్డుకు ఆనేది అరచేయంత రబ్బరు. మలుపులో దాని ముందుఅంచున రబ్బరు దాదాపు తిన్నగానే దిగుతుంది. వెనక్కి వెళ్లేకొద్దీ పక్కకు సాగుతుంది. అందుకే పక్కబలం కేంద్రం ఆ ముక్క మధ్యలో కాక, రెండు మూడు సెంటీమీటర్లు వెనక ఉంటుంది. ఆ కాస్త దూరమే మన చేతికి రోడ్డు సంగతి చెబుతుంది. గాలికి ఇసుక పరచుకున్న మలుపులో పట్టు తప్పబోయేముందు వెనకభాగం జారడం మొదలై బలకేంద్రం ముందుకొస్తుంది, స్టీరింగ్ తేలికవుతుంది. కారు జారకముందే అందే హెచ్చరిక అది.

‘కారు బరువు కిందికి దిగాలనుకోవడం వల్లే స్టీరింగ్ తిరిగొస్తుంది’ అని చాలామంది చెబుతారు. నెమ్మదిగా వెళ్లేటప్పుడు అది కొంత నిజమే. వేగంలో పెత్తనం టైరుదే. సైకిల్ విషయంలో అయితే మహామహులే తడబడ్డారు. గిరగిర తిరిగే చక్రపు గైరోస్కోప్ గుణమే దాన్ని నిలబెడుతుందని దశాబ్దాలు నమ్మారు. 1970లో డేవిడ్ జోన్స్ అనే శాస్త్రవేత్త ఆ గుణాన్ని రద్దుచేసే సైకిల్ కట్టి తొక్కి చూపించి, రహస్యం ట్రాలీచక్రంలాంటి ఆ వెనకదూరంలోనే ఉందన్నాడు. 2011లో మరో బృందం ఆ రెండూ లేకుండానే తనంతట నిలబడే సైకిల్ చేసి సైన్స్ పత్రికలో ప్రకటించింది! కారుకు మాత్రం పైన చెప్పిన రెండు వెనకదూరాలే ముఖ్య ఆధారం.

ఇక బూటు. స్టీరింగును వెనక్కి తెచ్చే ఈ బలాలు చిన్నవి; కీళ్లలో రాపిడి పెరిగితే ఓడిపోతాయి. ఎమిరేట్స్ వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండకు రబ్బరు పగులుతుంది, గ్రీజు పోతుంది, ఇసుక దూరుతుంది. ముందు బూటు లోపలి బాల్ జాయింట్ అనే కీలు బిగుసుకుంటుంది, తర్వాత అరిగి వదులవుతుంది. వదులైతే ఊడే ప్రమాదముంది. అందుకే టెస్టింగులో చక్రాల్ని పట్టి కదిపి చూస్తారు. మూడేళ్లు దాటిన కారుకు ఏటా ఈ తనిఖీ తప్పదు, తప్పకపోవడమే మంచిది.

నాకు కోపం వచ్చేది వేరే చోట. చాలా వర్క్‌షాపుల్లో అలైన్‌మెంట్ అంటే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే సరిచేసి పంపేస్తారు. కాస్టర్ అంకె ప్రింటులో ఉన్నా ఎవరూ చూడరు. కుడి ఎడమల కాస్టర్ తేడా ఉంటే, తక్కువున్న వైపు కారు లాగుతుంది. పైగా కొత్త ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌లో మోటారే చక్రాన్ని మధ్యకు తెస్తుంది కాబట్టి బిగుసుకున్న కీలు చాన్నాళ్లు బయటపడదు.

కాబట్టి ఆ పాఠకుడికి నా సలహా: బూటొక్కటే మార్పించి ఊరుకోకండి, టై రాడ్ చివరనే మార్పించండి. కింది బాల్ జాయింట్లు, పైన స్ట్రట్ బేరింగులు కూడా చూడమనండి. ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించి, ప్రింటులో కాస్టర్ అంకె అడిగి మరీ చూసుకోండి.