పరిచయం, సిఫారసు, పలుకుబడి: ఉద్యోగ ప్రగతిలో అనధికార సంబంధాల పాత్ర

వ్యాససంగ్రహం
పనిచేసే చోట ఏర్పడే అనధికార సంబంధాలు ఉద్యోగుల ఎదుగుదలను ఎలా ప్రభావితం చేస్తాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ సంబంధాల వల్ల సమాచారం, హామీ అనే రెండు వేర్వేరు ప్రయోజనాలు కలుగుతాయనీ, వాటిని విడదీసి చూసినప్పుడే అసమానత ఎక్కడ పుడుతుందో తెలుస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనధికార సంబంధాలు, పరిచయం, సిఫారసు, పలుకుబడి, ఉద్యోగ ప్రగతి.

1. ఉపోద్ఘాతం
ఒక సంస్థలో ఎవరు ఎవరికి జవాబుదారీయో అధికారక్రమం చెబుతుంది. కానీ ఎవరు ఎవరితో కలిసి భోజనం చేస్తారు, సందేహం వస్తే ఎవరిని అడుగుతారు, ఖాళీ రాబోతోందని ముందుగా ఎవరికి తెలుస్తుంది అన్న విషయాలు ఏ ఉత్తర్వులోనూ కనిపించవు. పదోన్నతులు, బదిలీలు, కొత్త అవకాశాలు చాలావరకు ఈ కనిపించని సంబంధాల గుండానే నడుస్తాయి. వీటిని గురించి మాట్లాడేటప్పుడు తెలుగువారు మూడు మాటలు వాడుతారు: పరిచయం, సిఫారసు, పలుకుబడి. మొదటిది సంస్కృతపదం, రెండోది పారశీకం నుంచి ఉర్దూ ద్వారా వచ్చినది, మూడోది అచ్చతెలుగు. వాడుకలో ఒకదానికొకటి దగ్గరగా ఉన్నా, ఇవి మూడు భిన్నమైన దశలను సూచిస్తాయి.

2. పరిచయం: సమాచార మార్గం
ఈ విషయంలో తొలి ప్రామాణిక అధ్యయనాలలో ఒకటి అమెరికా సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్‌ది. ఆయన 1973లో బలహీన సంబంధాల బలాన్ని గురించి వ్యాసం ప్రచురించారు. బోస్టన్ సమీపంలోని న్యూటన్ పట్టణంలో ఉద్యోగం మారినవారిని ఆయన పరిశీలించారు. వారిలో సగానికి పైగా వ్యక్తిగత పరిచయాల ద్వారానే కొత్త ఉద్యోగం సంపాదించారు. అలా సంపాదించినవారిలో ఆ పరిచయస్థులను తరచుగా కలిసేవారు 16.7 శాతమే, అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం, అరుదుగా కలిసేవారు 27.8 శాతం.

దీనికి కారణం స్పష్టమే. మన ఆప్తులు మనం తిరిగే చోటే తిరుగుతారు; మనకు తెలిసిందే వారికీ తెలుస్తుంది. దూరపు పరిచయస్థులు మరో వర్గంలో ఉంటారు కనుక కొత్త కబురు వారి నుంచి వస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు వర్గాల మధ్య నిలిచిన వ్యక్తికి లాభం కలుగుతుందని రోనాల్డ్ బర్ట్ 1992లో వివరించారు. లింక్డ్‌ఇన్ వేదికలో 2 కోట్ల మంది పై అయిదేళ్లపాటు జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో వెలువడ్డాయి. మరీ దగ్గరివారూ మరీ దూరపువారూ కాక, ఓ మోస్తరు పరిచయం ఉన్నవారే ఉద్యోగ మార్పునకు ఎక్కువగా తోడ్పడుతున్నారని అవి చూపాయి.

3. సిఫారసు: హామీ
సమాచారం చేరవేయడం వేరు, పూచీ పడటం వేరు. అభ్యర్థి నమ్మదగినవాడా, నలుగురితో కలిసి పనిచేయగలడా అన్నది ధ్రువపత్రాలు చెప్పలేవు. సిఫారసు చేసేవారు ఆ లోటును తమ మాటతో పూరిస్తారు. అభ్యర్థి విఫలమైతే తమ మాట విలువ తగ్గుతుంది. అందుకే ఖాళీ ఉందని ఎవరికైనా చెబుతారు గాని, సిఫారసు బాగా తెలిసినవారికే చేస్తారు. సమాచారానికి దూరపు పరిచయం చాలు. హామీకి దగ్గరి సంబంధం కావాలి.

తెలుగువారి ఐ.టి. వలసలలో ఈ హామీకి ఉన్న స్థానాన్ని గుర్తించవచ్చు. షియాంగ్ బియావ్ హైదరాబాదు, సిడ్నీ మొదలైన చోట్ల క్షేత్రపర్యటన చేసి 2007లో ప్రచురించిన గ్రంథం, ఐ.టి. నిపుణులను విదేశాలకు పంపే మధ్యవర్తి సంస్థల వ్యవస్థను వివరించింది. ఆ వ్యవస్థలో తెలుగువారి పాత్ర గణనీయం. ఇలాంటి సంబంధాలు దారి చూపుతాయి, కట్టిపడేస్తాయి కూడా. తెలిసినవారి మాటపై ఉద్యోగంలో చేరిన వ్యక్తి, జీతం అందకపోయినా ఫిర్యాదు చేయడానికి సంకోచించడం సహజం.

4. పలుకుబడి: అసమానతకు మూలం
తెలుగులో పలుకుబడి అంటే నుడికారం, ప్రాబల్యం కూడా. ఎవరి మాటకు విలువ ఉందో వారిదే పలుకుబడి. అధికారంలో ఉన్నవారు తమను పోలినవారినే నమ్మి పైకి తెస్తారని రోజబెత్ మాస్ కాంటర్ 1977లో చూపారు. ఒక ప్రకటనల సంస్థను పరిశీలించిన హెర్మీనియా ఇబారా 1992లో మరో విషయం గుర్తించారు: పురుషులకు స్నేహమూ వృత్తిసహాయమూ పురుషుల నుంచే లభించగా, స్త్రీలు స్నేహానికి స్త్రీలను, వృత్తిసహాయానికి పురుషులను ఆశ్రయించవలసి వచ్చింది. ఒకరికి ఒక్క సంబంధం చేసే పనికి మరొకరు రెండు సంబంధాలు నిలుపుకోవాలి.

భారతదేశంలో దీనికి కులం తోడవుతుంది. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, సమానమైన అర్హతలతో పత్రికాప్రకటనలకు దరఖాస్తులు పంపినా, అగ్రవర్ణ హిందువుల పేర్లతో పోలిస్తే దళితుల, ముస్లింల పేర్లు గల దరఖాస్తులకు పిలుపు వచ్చే అవకాశం తక్కువగా ఉంది. ప్రకటన అందరికీ చేరినంత మాత్రాన విశ్వాసం అందరికీ సమానంగా చేరదని దీనివల్ల తెలుస్తుంది.

5. పరిశోధనరంగానికి అన్వయం
విశ్వవిద్యాలయాలు ఇందుకు మినహాయింపు కావు. సదస్సు, అతిథి అధ్యాపక నియామకం, సంకలనానికి వ్యాసాల ఆహ్వానం వంటి కబుర్లు తరచుగా వాట్సాప్ బృందాలలో తిరుగుతాయి. తమ కుటుంబంలో తొలిసారి పిహెచ్.డి. చేస్తున్న విద్యార్థికి ఆ బృందాలు అందుబాటులో లేకపోవచ్చు. ప్రతి అవకాశాన్నీ శాఖ నోటీసుబోర్డులో, వెబ్‌సైటులో గడువుకు ముందే ప్రకటిస్తే సమాచారలోపం చాలావరకు తీరుతుంది. హామీలోపం మాత్రం అలా తీరదు. పర్యవేక్షకులు తమ విద్యార్థిని ఇతర విశ్వవిద్యాలయాల ఆచార్యులకు పరిచయం చేయడం, ఎంపికసంఘాలు ప్రమాణాలను ముందే రాతలో ఉంచడం, సిఫారసులేఖలో పొగడ్తకు బదులు చేసిన పనిని పేర్కొనడం అవసరం.

6. ముగింపు
అనధికార సంబంధాలను నిర్మూలించడం సాధ్యం కాదు. మనుషులు కలిసి పనిచేసే చోట అవి ఏర్పడతాయి. సమాచారాన్ని బహిరంగం చేయడం సంస్థ చేయగల పని. హామీని తెలిసినవారికే పరిమితం చేయకుండా, పనిని చూసి ఇవ్వడం మాత్రం ఆ స్థానంలో ఉన్న ప్రతి అధ్యాపకుని బాధ్యత. ఆ బాధ్యతను విస్మరిస్తే, ప్రతిభ ఉండి పరిచయాలు లేని పరిశోధకులను రంగం కోల్పోతుంది.