భూమి మరచిన బాల్యం

ఇంద్రావతి పారే బస్తర్ సీమ భారతదేశంలోని అతి ప్రాచీన భూభాగాలలో ఒకటి. అక్కడి శిలలలో కొన్నిటి వయస్సు సుమారు 350 కోట్ల సంవత్సరాలు. అయినా అవి భూమి పుట్టిన దాదాపు వంద కోట్ల సంవత్సరాల తరువాత రూపొందినవే. అంతకు ముందటి చరిత్రను భూమి తానే చెరిపివేసుకున్నది. వాన, గాలి, అగ్నిపర్వతాలు, ఖండాల కదలిక తొలినాటి శిలలను దాదాపు మిగలనివ్వలేదు. గాలీ వానా లేని చంద్రుడు మాత్రం ఆనాటి ఆనవాళ్లను భద్రపరచినాడు.

సుమారు 450 కోట్ల సంవత్సరాల క్రిందట అంగారకుడంతటి గోళమొకటి పసి భూమిని ఢీకొన్నదనీ, ఎగసిపడిన శకలాలు భూమి చుట్టూ తిరుగుతూ ఒక్కటై చంద్రుడు ఏర్పడినాడనీ శాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు భావిస్తున్నారు. ఉపగ్రహాలన్నీ ఇలాగే పుట్టలేదు. గురుగ్రహపు నాలుగు పెద్ద చంద్రులు ఆ గ్రహాన్ని చుట్టుముట్టిన ధూళి, వాయువుల నుంచి రూపొందినవి. నెప్ట్యూన్ చంద్రుడైన ట్రైటన్ దారిన పోతూ చిక్కినవాడు. అందుకే గ్రహభ్రమణానికి ఎదురుదిశలో తిరుగుతున్నాడు.

అంతటి తాకిడిలో పుట్టిన చంద్రుడు మొదట కరిగిన శిలాసముద్రమై ఉండాలి. కాచిన పాలపై మీగడ కట్టినట్లు తేలిక ఖనిజాలు పైకి తేలి గట్టిపడగా, బరువైనవి అడుగుకు చేరినవి. ఆ పైపొర శిలకు అనార్థోసైట్ అని పేరు. 1969లో అపోలో 11 తెచ్చిన మట్టిలో దాని తునకలు కనిపించడంతో ఈ సిద్ధాంతం రూపుదిద్దుకున్నది. కాని అపోలో యాత్రలు దిగినవన్నీ ధ్రువాలకు దూరమైన చోట్లు. శిలాసముద్రం చంద్రుణ్ణంతటినీ కప్పిన మాట నిజమైతే, ధ్రువాల వైపు కూడ అదే శిల ఉండాలి కదా?

సమాధానం వెదకిన నౌక ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచే బయలుదేరింది. 2023 జూలై 14న ఎగిరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న దక్షిణ అక్షాంశం 69 డిగ్రీల చేరువలో దిగింది. ప్రజ్ఞాన్ అనే చిన్న బండి సుమారు 103 మీటర్లు నడచి, 23 చోట్ల మట్టిని పరీక్షించింది. అక్కడి మట్టిలోనూ ప్రధానమైనది ఆ జాతి శిలయే. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనశాల శాస్త్రజ్ఞులు 2024లో ఈ ఫలితాలను ప్రకటించారు. మెగ్నీషియం కొంత అధికంగా కనిపించడానికి, పూర్వం దక్షిణ ధ్రువం దగ్గర జరిగిన పెను తాకిడి లోపలి పదార్థాన్ని పైకి చిమ్మడమే కారణం కావచ్చునని వారి అభిప్రాయం.

చంద్రుని పరిణామం నేటికీ ఆగలేదు. సముద్రపు ఆటుపోట్ల ప్రభావం వలన అతడు ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరమవుతున్నాడు. బస్తర్ శిలలు గట్టిపడిన నాటి ఆకాశంలో చంద్రుడు మరింత దగ్గరగా, మరింత పెద్దగా వెలిగేవాడు.